నీలం ట్యాంకు

"ఎర్ర ట్యాంకు, పక్క ప్యానెళ్లు పీకేసి నీలం రంగువి వెయ్యి తమ్ముడూ. ఆయన ఈ బండిని గుర్తుపట్టకూడదు."

"పోయిన బావగారు రంగు చూసుకుని వస్తారా అక్కా?" మెకానిక్ నవ్వాడు.

ఆమె నవ్వలేదు. "రోజూ రాత్రి నాన్నొచ్చి బండెక్కమంటున్నాడని బాబు చెబుతున్నాడు."

పని పూర్తయ్యేసరికి పదకొండు దాటింది. షెడ్డులో అతనొక్కడే. కొత్త ట్యాంకును గుడ్డతో తుడుస్తుంటే చెయ్యి ఆగిపోయింది. ఇంజను ఇంకా స్టార్ట్ చెయ్యనేలేదు. అయినా మోకాళ్లు ఆనే చోట రెండు పక్కలా వెచ్చగా ఉంది.

వెనక సీటు తాకాడు. చిన్న పిల్లవాడు కూర్చునేంత మేర అక్కడా వెచ్చగానే ఉంది.

వెంటనే ఆమెకు ఫోను చేశాడు. "బాబేడక్కా?"

"నా పక్కనే నిద్రపోతున్నాడు. ఏమైంది?"

"ఒకసారి లేపక్కా."

ఫోనులో ఆమె కొడుకును పిలవడం వినిపించింది. మళ్లీ పిలిచింది, ఈసారి గట్టిగా.