కాల్చిన వంకాయ, ఉడికిన శనగలు

రష్యా ఇంజనీరు నికొలాయ్ ఫ్యాక్టరీ క్వార్టర్లో దిగిన రోజునే వంటవాడు గురువులు సింహాచలం వెళ్ళి తలనీలాలిచ్చి వచ్చాడు.

మొక్కు మూడేళ్ళ నాటిది. బోడిగుండుతో, నుదుటి మీద నిలువు నామంతో తిన్నగా ఆ క్వార్టరు వంటింట్లోకి వచ్చి పొయ్యి ముట్టించాడు. మొక్కు తీర్చుకున్న రోజు కనక చేప జోలికి పోలేదు. దొర కారం తినలేడని ముందే చెప్పారు. అందుకని వంకాయలు నిప్పుల మీద కాల్చి, ఉడికిన శనగల్లో కలిపి, ఉల్లిపాయ తరిగి, నిమ్మకాయ పిండి పళ్ళెంలో పెట్టాడు.

నికొలాయ్ పళ్ళెం వంక చూశాడు. గురువులు వంక చూశాడు. పక్కనున్న ఉమామహేష్‌ని ఏదో అడిగాడు. ఉమామహేష్ రష్యన్ చదువుకుని, ఇలాంటి దొరలకి మాట సాయంగా ఫ్యాక్టరీలో చేరినవాడు. అతనేదో జవాబు చెప్పాడు. దొర తలూపి, పళ్ళెం ఊడ్చి తిని, గుండె మీద చెయ్యి వేసుకుని ఇంకేదో అన్నాడు.

"రోజూ ఈ తిండే చాలంట. నీసు వద్దంట," అన్నాడు ఉమామహేష్.

గురువులు తన చేతులు వాసన చూసుకున్నాడు. అతనిది ఫిషింగ్ హార్బర్ పక్కన జాలరి ఇల్లు. పెళ్ళాం ఈశ్వరి తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్ముతుంది. ఆ సంగతి తెలిస్తే దొర తన చేతి వంట తింటాడా?

తినకపోతే పోనీ అనుకోడానికి లేదు. అవి ఉక్కు కర్మాగారం కట్టడం ఇంకా పూర్తికాని రోజులు. నాలుగేళ్ళుగా గురువులు అక్కడ రోజుకూలీ మీదే వండుతున్నాడు. దొర వెళ్ళేటప్పుడు నాలుగు మంచి ముక్కలు రాసిస్తే ఉద్యోగం పర్మనెంటు చేయిస్తానని ఆఫీసరు త్రినాథరావు మాటిచ్చాడు.

గురువులు తన ఇంటి సంగతి దాచాడు. పని మీద పడ్డాడు.

చేప కాల్చడం అతనికి పుట్టుకతో వచ్చిన విద్య. కొబ్బరిచిప్పల నిప్పులు ఎప్పుడు కణకణలాడాలో, ఎప్పుడు నివురు కప్పాలో తెలుసు. ఆ విద్యంతా కూరగాయల మీద పెట్టాడు. గుమ్మడి ముక్కల్ని అంచు మాడీ మాడనట్టు కాల్చేవాడు. చిలగడదుంపని నివురులో పూడ్చి, తొక్క చిట్లగానే పైకి తీసేవాడు. బొబ్బర్లు చిదిమితే మెదిగేట్టు, పళ్ళెంలో మాత్రం గింజకి గింజ విడిగా ఉండేట్టు దించేవాడు. పైన వేయించిన పల్లీలు, కొత్తిమీర. దీన్ని సలాడ్ అంటారని ఉమామహేష్ చెప్పాడు. సలాడంటే కీరా చక్రాలని గురువులు అన్నాళ్ళూ అనుకున్నాడు.

దొర ఒక్క గింజ మిగిల్చేవాడు కాదు. తినే ముందు మాత్రం కాసేపు కళ్ళు మూసుకునేవాడు. ప్రార్థన చేసుకుంటున్నాడనుకుని గురువులు వినయంగా పక్కకి తప్పుకునేవాడు.

చేతులకి నీసు వాసన ఉంటుందేమోనని మొదట్లో సబ్బు అరగదీశాడు. నమ్మకం చిక్కలేదు. రెండో వారం తనే చేప మానేశాడు. తల్లి ముసలమ్మ, కొడుక్కి ఎవరో చేతబడి చేశారని తాయెత్తు కట్టించింది. ఈశ్వరి మాత్రం సూటిగా అడిగింది.

"గంగమ్మ ఒడిలో పుట్టి గింజలు తింటన్నావు. నువ్వేటి, పావురానివా?"

"ఉద్దోగం ఖాయమయ్యేదాకా పావురాన్నే," అన్నాడు గురువులు. "ఆ మారాజు అంత నిష్ఠగా ఉంటే, నాను సేపలు తిన్న సేత్తో ఎలా వడ్డిత్తానే?"

ఓ ఆదివారం తెల్లవారుతుండగా ఈశ్వరికి తట్ట ఎత్తడానికి హార్బర్‌కి వెళ్ళాడు. బోట్లు అప్పుడే వచ్చాయి. వంజరాలు గుట్టలు పోసి వేలం పాడుతున్నారు. అంతలో జీపు ఆగింది. నికొలాయ్ దిగాడు, వెనకాలే ఉమామహేష్.

గురువులు చటుక్కున ఐసు పెట్టెల వెనక నక్కాడు.

దొర ఓ పెద్ద వంజరం ముందు నిలబడిపోయాడు. ఎంతసేపటికీ కదల్లేదు. గొంతులో ముడి పైకీ కిందికీ ఆడింది. కళ్ళు చెమర్చాయి. వేలం వేసేవాడు చేపని ఎత్తి చూపించేసరికి మొహం తిప్పుకుని గబగబా వెళ్ళి జీపెక్కేశాడు.

"సచ్చిన సేపని సూసి ఏడిసేసాడే," అన్నాడు గురువులు ఈశ్వరితో, తనూ కళ్ళొత్తుకుంటూ. "అలాటోడికి మనం అబద్ధం సెప్తన్నాం."

ఆరు నెలలు గడిచాయి. దొర ప్యాంటు నడుము దగ్గర కుచ్చులు పడింది. గురువులు బుగ్గలు లోపలికి పోయాయి.

వెళ్ళే రోజున నికొలాయ్ త్రినాథరావు చేతికో కాగితం ఇచ్చాడు. గురువుల్ని గట్టిగా వాటేసుకుని, వీపు తట్టి, కారెక్కాడు.

ఉమామహేష్ కాగితంలోది తెలుగు చేసి చదివాడు. ఇంత శ్రద్ధగా వండే మనిషిని తన జన్మలో చూడలేదని రాశాడు దొర. ఇలాంటివాణ్ణి వదులుకుంటే నష్టం ఫ్యాక్టరీకేనని రాశాడు. త్రినాథరావు అక్కడే పెన్ను తీసి సంతకం పెట్టి, ఆర్డరు వారంలో వస్తుందన్నాడు. గురువులు దణ్ణం పెట్టి నిలబడ్డాడు.

"కింద ఇంకో ముక్క ఉంది," అన్నాడు ఉమామహేష్, కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని.

"‘చేపలంటే ప్రాణం పెట్టే నేను, ఈ వంటాయన నీసు తగలని మహాభక్తుడని మొదటిరోజే ఉమామహేష్ చెప్పడంతో, ఆయన వంటిల్లు మైలపరచడం ఇష్టంలేక ఇన్నాళ్ళూ ఈ గింజలతోనే సరిపెట్టుకున్నాను.’"