గురుగ్రహం మీద మచ్చ

పొద్దు గూకగానే టెలిస్కోపులో చూస్తే, గురుగ్రహం నట్టనడుమ నల్లటి మచ్చ. నిన్న లేదు. ఏదో పెద్ద రాయి గుద్దుకుని ఉంటుంది. అలాంటిది మన మీద పడితే ఏడవడానిక్కూడా ఎవరూ మిగలరు.

కన్ను ఆనించే లెన్సు మీద దుమ్మేమోనని ఆ లెన్సుని గుండ్రంగా తిప్పాను. దుమ్మైతే దాంతోపాటే తిరగాలి. మచ్చ కదల్లేదు.

"అక్కా, తొందరగా రా."

అక్క వచ్చి చాలాసేపు చూసింది. "మచ్చేదిరా? కడిగిన ముత్యంలా ఉంటేనూ."

"మధ్యలో, సరిగ్గా చూడక్కా."

"అక్కడేం లేదురా," అంది నావైపు తిరిగి.

టెలిస్కోపు అలవాటుకొద్దీ నా ఎడమకన్ను ఇంకా మూసే ఉంది. కుడికంటితో అక్కని చూశాను.

ముక్కు ఉండాల్సిన చోట అదే మచ్చ, అంతే నల్లగా.