పక్కలకే కదిలే గడ్డ

"ఆ గడ్డలో సూది గుచ్చకండమ్మా."

డాక్టరమ్మ చేయి గాలిలోనే ఆగింది.

కుర్చీలో కూర్చున్నది బట్టలు కుట్టుకుని బతికే ఆవిడ. దవడ కింద నిమ్మకాయంత గడ్డ. రెండేళ్లుగా ఉందట, నొప్పి లేదట. ఇలాంటివి డాక్టరమ్మ రోజుకు పది చూస్తుంది. చాలావరకు మెడలో కట్టే మామూలు బిళ్లలే. సూదితో కాస్త లాగి పరీక్షకు పంపితే పని అయిపోతుంది.

మాట్లాడింది తలుపు దగ్గర నిలబడ్డ ముసలాయన. బయట ఎండ మండిపోతుంటే ఆయన మెడకు మఫ్లరు. గొంతు బొంగురు.

"మీ నంబరెంత?"

"ముప్పై రెండు."

"ఇప్పుడు నడుస్తున్నది?"

"పదకొండు."

"లెక్కలు బాగానే వచ్చుగా. వెళ్లి బయట కూర్చోండి."

"వెళ్తానమ్మా. ఒక్కసారి వేళ్లతో పట్టుకుని కదిపి చూడండి. నేననుకున్నదే అయితే పక్కలకే కదులుతుంది. పైకీ కిందికీ కదలదు."

డాక్టరమ్మకు ఒళ్లు మండింది. రోగి ఎదుట, ఇద్దరు నర్సుల ఎదుట, ముక్కూ మొహం తెలియని మనిషి తగుదునమ్మా అని వచ్చి పాఠం చెప్పడమా? ఆ కోపంలో 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది.

"నువ్వెక్కడ చదివావు డాక్టరీ?"

"చదవలేదమ్మా. చదివేవాళ్ల ముందు కూర్చున్నాను, అంతే."

నర్సులు నవ్వారు. డాక్టరమ్మ కూడా నవ్వింది.

"అయితే ఇక్కడ మాత్రం కూర్చోకు. పంపించెయ్ ఇతన్ని," అంది అటెండరుతో.

అటెండరు రెక్క పట్టుకున్నాడు. ముసలాయన పెనుగులాడలేదు. "తిట్టినా ఫరవాలేదు తల్లీ, సూది మాత్రం వద్దు," అంటూనే వెళ్లాడు.

సూది మళ్లీ చేతిలోకి వచ్చింది.

"డాక్టరమ్మా, ఆయన చెప్పినట్టు ఒకసారి చూడరాదూ? పోయేదేముంది," అంది కుట్టుపని ఆవిడ బెదురుగా.

డాక్టరమ్మ విసుక్కుంటూనే రెండు వేళ్లతో గడ్డ పట్టుకుంది. పక్కలకు కదిలింది. పైకి నెట్టింది, కదలలేదు. కిందికి లాగింది, మేకు కొట్టినట్టు ఉండిపోయింది. వేళ్ల కింద నాడి గట్టిగా కొట్టుకుంటోంది.

ఆమె సూదిని ట్రేలో పెట్టేసింది. అది బిళ్ల కాదు. మెదడుకు రక్తం మోసుకెళ్లే పెద్ద నాళం రెండుగా చీలే సందులో పుట్టే కణితి. లక్షల్లో ఒకరికి వస్తుంది. చదువుకునే రోజుల్లో తప్ప ఆమె మళ్లీ చూసింది లేదు. నిండా రక్తమే. గుడ్డిగా సూది దించి ఉంటే ఆ కుర్చీలోనే కొంప మునిగేది.

గబగబా బయటికి వచ్చింది. బెంచీ ఖాళీ.

"ఆయనేడీ?"

"మీరు పంపించెయ్యమన్నారుగా మేడమ్. గేటు దాటించి వచ్చా," అన్నాడు అటెండరు ఘనకార్యం చేసినట్టు.

బల్ల మీద ముసలాయన రాయించుకున్న చీటీ ఒక్కటే మిగిలింది. ఫోను నంబరు, దాని కింద రెండు ముక్కలు. మెడలో గడ్డ, ముప్పై ఏళ్ల నుంచి. ఈ మధ్య మింగడం కష్టం.

మింగడం కష్టమంటే ఏమిటో డాక్టరమ్మకు ఒకరు చెప్పనక్కర్లేదు. గడ్డ పెరిగి నరాన్ని నొక్కుతోంది. వెంటనే పిలిపించాలి. కానీ ఫోను చేసి ఏమని చెప్పాలి? నిన్ను గెంటించిన దాన్నే మాట్లాడుతున్నాననా? సిగ్గు అడ్డొచ్చింది. రేపు చేద్దాంలే అనుకుంది. రేపు కాస్తా ఎల్లుండి అయింది.

ఈలోగా కుట్టుపని ఆవిడకు స్కానింగు అయింది. అనుమానం నిజమైంది. పన్నెండో రోజున ఐదు గంటలు ఆపరేషన్ చేసి గడ్డ తీశారు. ఆవిడ బతికి బట్టకట్టింది.

"భలే పట్టావమ్మా. సూది వెయ్యకూడదని ఎలా తట్టింది?" అన్నాడు పెద్ద డాక్టరు.

"అనుభవం సార్."

ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆమెకే అర్థం కాలేదు. చేతులు కడుక్కుంటుంటే తన మొహం తనకే చూడబుద్ధి కాలేదు. ఇక ఆగలేక ఫోను చేసింది.

ఎత్తింది ముసలాయన కూతురు.

"నాన్న పోయి నాలుగు రోజులైందండీ. నీళ్లు తాగుతుంటే పొలమారింది. ఊపిరాడలేదు. మీరెవరు?"

"గొంతు డాక్టర్ని. ఆయన మా ఆసుపత్రికి వచ్చారు..."

"మీరా మేడమ్? మీ కోసమే వచ్చారండీ. ఆపరేషన్ చేయించుకో నాన్నా అని ఏళ్ల తరబడి పోరాను, వినలేదు. ఏటా డాక్టరీ పరీక్షలప్పుడు కాలేజీ వాళ్లు కబురుపెట్టి కూర్చోబెట్టేవారు. గడ్డ తీసేస్తే పిల్లలు ఏది పట్టి చూసి నేర్చుకుంటారు అనేవారు. చివరికి మీ ఆసుపత్రి బోర్డు మీద మీ ఫొటో చూసి, ఈ అమ్మాయి చేతైతే చేయించుకుంటానన్నారు."

"ఆ రోజు ఇంటికొచ్చాక... నా గురించి ఏమైనా అన్నారా?"

"పాపం ఒక్కతే అంతమందిని చూస్తోంది, ఇంకోసారి తీరిగ్గా వెళ్తాను అన్నారండీ."

ఏం చెప్పి ఏం లాభం? వినాల్సిన మనిషి లేడు.

ఇరవై ఏళ్ల కిందట ఆఖరి పరీక్షలో, గడ్డ ఉన్న మెడ పట్టుకుని ఏమీ తోచక ఆమె కన్నీళ్లతో నిలబడిపోయినప్పుడు, పరీక్షించే పెద్దాయన కిటికీ వైపు తిరిగిన ఆ ఒక్క క్షణంలో, జబ్బు పేరు ఆమె చెవిలో ఊది ఆమెను డాక్టర్ని చేసిన రోగి ఆయనే.