మూతలు దిగని సీసాలు

“ముక్కలు తేలుతున్నాయట వదినా,” అంది మరదలు, ఫోన్ చెవి దగ్గర నుంచి తీయకుండానే.

“తేలనీ,” అంది వదిన, మడత పెట్టిన దుప్పటినే మళ్లీ విప్పి దులుపుతూ.

“తేలనీ అంటున్నారు అన్నయ్యగారూ.” అవతల నుంచి ఏదో గొణుగుడు. “సీసాలో పాకం అడుగున, అనాస ముక్కలు పైన ఉంటున్నాయట. గరిటెతో నొక్కితే మళ్లీ లేస్తున్నాయట. పండు పాడైందా అని అడుగుతున్నారు.”

వదిన దుప్పటి కింద పడేసింది. “పచ్చి ముక్కలు పాకంలో వేస్తే తేలక ఏం చేస్తాయి? ముందు పాకంలో ఒక ఉడుకు రానిచ్చి, తర్వాత సీసాలో దట్టంగా కూరమను. నేను చెప్పానని మాత్రం చెప్పకు.”

“వదిన ఏం చెప్పలేదండీ,” అని మొదలుపెట్టి మరదలు అంతా అప్పజెప్పింది.

గొడవంతా వదినగారి భర్త నోరు జారడం వల్ల వచ్చింది. వదిన ఏటా అనాస ముక్కలను పంచదార పాకంలో వేసి సీసాల్లో నిలవ చేస్తుంది. చుట్టాలు ఆ సీసాల కోసమే వచ్చి, పనిలో పనిగా యోగక్షేమాలు అడిగి పోతుంటారు. మొన్న ఇంటినిండా జనం లొట్టలేసుకుంటూ తింటుంటే, ఈయన ఒక ముక్క చప్పరించి, “ఈసారి పాకం పల్చబడిందే,” అన్నాడు. “అంత తెలిసినవాళ్లు మిగతా సీసాలకి పాకం మీరే పట్టుకోండి,” అని ఆవిడ ఆ సాయంత్రమే బట్టలు సర్దుకుని తమ్ముడింటికి వచ్చేసింది. తప్పైందని ఆయన నోటితో అనేదాకా ఆ గడప తొక్కనని పంతం. ఆయన నోటికేమో పుట్టి బుద్ధెరిగాక ఆ మాట తిరగలేదు.

మొదట్లో ఇదంతా మరదలికి సరదాగానే ఉండేది. ఆమె కాపురానికొచ్చి ఎన్నాళ్లో కాలేదు, ఇంట్లో తోడు దొరికిందని సంబరపడింది. ఇప్పుడు భయం పట్టుకుంది. వదిన అందరి ముందూ బింకంగా తిరుగుతుంది, ఆ తర్వాత బాల్కనీలోకి పోయి కళ్లు తుడుచుకుని వస్తుంది. ఇద్దరిలో ఒక్కరైనా దిగిరాకపోతే వీళ్ల కాపురం గతేమిటో ఆమెకి అర్థం కావడం లేదు.

ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి వదినే స్పీకర్ నొక్కి, తను మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది.

“గరిటె రావడం లేదమ్మా,” అన్నాడాయన.

“ఎక్కణ్ణుంచి అన్నయ్యగారూ?” అంది మరదలు.

“పాకంలోంచి. అలా పేపరు తిరగేసి వచ్చేసరికి గడ్డకట్టింది. గరిటె లాగితే గిన్నె కూడా లేచొస్తోంది.”

మరదలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వదిన గోడకేసి చూస్తూ, “నిమ్మరసం పిండారా?” అంది.

“పాకంలో నిమ్మకాయెందుకే?”

“గడ్డకట్టకుండా! ఆ మాత్రం తెలీదూ?”

“నాకెలా తెలుస్తుంది చెప్పు?” అన్నాడాయన బుద్ధిగా.

వదిన ఒక్క క్షణం ఫోన్ కేసి చూసింది. తర్వాత పాకం జిగురు వేళ్ల మధ్య ఎలా చూడాలో, మంట ఎప్పుడు తగ్గించాలో గడగడా చెప్పేసింది. ఆయన “ఓహో”, “అలాగా” అంటూ విన్నాడు.

ఫోన్ పెట్టేశాక మరదలు తల పట్టుకుంది. “ఈయనా మీ పాకానికి వంక పెట్టింది! ఇన్నేళ్లు ఎలా వేగారు వదినా?”

“ఏం చేస్తాం,” అంది వదిన. గొంతులో పొద్దుటి కారం లేదు.

భోజనాలయ్యాక మూడోసారి మోగింది. “మూతలు దిగడం లేదే,” అన్నాడు. వేడివేడిగా నింపి బిగించిన సీసా చల్లారేకొద్దీ రేకు మూత టక్కుమని లోపలికి దిగాలి. దిగకపోతే గాలి చొరబడి సరుకంతా పులిసిపోతుంది.

“సీసా అంచులు తుడిచే మూత పెట్టారా?”

“అంచులు కూడా తుడవాలా?”

వదిన నుదురు కొట్టుకుంది. ఆయన గొంతు తగ్గింది. “నావల్ల కావడం లేదే. నువ్వు లేకపోతే ఈ ఇంట్లో ఒక్క మూత కూడా దిగదు.”

తప్పైందన్న మాటకి ఇది ఎంత దగ్గరో మరదలు తేల్చుకునేలోగా వదిన చెప్పులు వేసుకుంది. “ఆ బ్యాగు పట్టుకో. అంత పంచదార నేలపాలవుతుంటే చూస్తూ కూర్చోలేను. పంచదార కోసమే వెళ్తున్నాను, తెలిసిందా?”

ఆ వంటింట్లో అడుగుపెడితే పాదాలు నేలకి అతుక్కుపోయాయి. ఆయన కనుబొమల మీద కూడా పాకం ఎండిపోయి ఉంది. బిక్కమొహం వేసుకుని పొయ్యి పక్కకి తప్పుకున్నాడు. వదిన కొంగు దోపి, తిట్లూ పనీ ఒకేసారి అందుకుంది. ముక్కలు మళ్లీ పొయ్యి మీదికెక్కాయి. ఆవిడ చెయ్యి చాపకముందే ఆయన గుడ్డ అందించాడు, గరాటు అందించాడు. కాసేపటికి సీసాలు వరసగా గట్టు మీద నిలబడితే, ముగ్గురూ వాటి ముందు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు.

టక్. కాసేపాగి ఇంకోటి. చివరి మూత కూడా దిగాక, వదిన గిన్నెలో మిగిలిన పాకం స్పూనుతో ఆయన నోటి దగ్గర పెట్టింది. “పల్చగా ఉందా?”

“పల్చగా ఉందన్నది ఎవడు? వాడికి నాలుకే లేదు.”

వదిన పకపకా నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లొత్తుకుంది. మరదలి గుండెల మీంచి పెద్ద బరువు దిగింది.

“ఏమీ చేతకాని మనిషితో ఎంత ఓపిక వదినా మీకు!” అంది. “ఇంతకీ ఈ పాకం పట్టడం మీకెవరు నేర్పారు?”

ఆయన చటుక్కున సింకు వైపు తిరిగి, గడ్డకట్టిన గిన్నె తోమడం మొదలుపెట్టాడు. వదిన ఆ వీపు కేసి చూసి, మరదలి చెవిలో మెల్లగా చెప్పింది.

“పెళ్లయిన కొత్తలో మీ అన్నయ్యగారే నేర్పారు.”