ప్రింగిల్ వారి సమర్పణ

"మా నాన్న మూతి మీద తప్ప నీకు ఈ పుస్తకంలో ఇంకెక్కడా చోటే దొరకలేదా, డల్సీ?"

లుసిండా ప్రింగిల్ గొంతుకి టీతో స్కోన్ రొట్టెలు తింటున్నవాళ్లంతా తలెత్తారు.

మా వాలంబీ గ్రంథాలయంలో కంప్యూటర్ మొదలుపెట్టిన రోజు అది. పుస్తకాలన్నిటికీ బార్‌కోడ్‌లు అంటించడం పూర్తయిందని కౌన్సిల్ వాళ్లు టీ ఇస్తున్నారు. మామూలుగా ఆ గడప తొక్కనివాళ్లు కూడా వచ్చారు. మా ఊళ్లో జనం శ్రద్ధగా చదివేది గుర్రప్పందేల పేజీ ఒక్కటే. అయినా గ్రంథాలయం ఉందన్న గొప్ప మాత్రం చెప్పుకోకుండా ఉండలేరు.

ఆ గొప్పంతా లుసిండా వాళ్ల నాన్నది. పెద్ద వరదొచ్చి పాత గ్రంథాలయం తుడిచిపెట్టుకుపోయాక, ఆర్చిబాల్డ్ ప్రింగిల్ గారు తన బంగళాలోని పుస్తకాలన్నీ ఊరికి ధారపోశారు. ఊరు కొత్త భవనం కట్టి దానికి ఆయన పేరు పెట్టింది. ఒక్కో పుస్తకం అట్ట లోపల అరచేతంత కాగితం అంటించి మరీ పంపారు. అందులో మీసాలతో సహా ఆయన బొమ్మ, కింద "ప్రింగిల్ వారి సమర్పణ" అని అక్షరాలు. దానం చేసి పేరు వేసుకునేవాళ్లు అన్ని ఊళ్లలోనూ ఉంటారు. ముఖం కూడా వేసుకోవడం ప్రింగిల్ వారికే చెల్లింది.

ఆ వరదతోనే ఇంకో పేరు కూడా మిగిలింది. ఆగ్నెస్. అప్పటి లైబ్రేరియన్, డల్సీకి సొంత అక్క. తలుపుకి తాళం వేయకుండా వెళ్లిపోయిందనీ, అందుకే నీళ్లు తోసుకొచ్చి ఒక్క పుస్తకం కూడా మిగల్చలేదనీ ఊరు తేల్చేసింది. ఉద్యోగం పీకేశారు. "తాళం వేశాను" అని ఆగ్నెస్ చచ్చిపోయేదాకా చెప్పింది. చచ్చిపోయేదాకా ఊరు నవ్వింది. గొర్రెల దొడ్డి గేటు ఎవరైనా తెరిచి వదిలేస్తే, "ఆగ్నెస్ తాళం వేశావా?" అని ఇప్పటికీ అంటారు. సిగ్గులేని జనం.

ఆ ఆగ్నెస్ చెల్లెలే జీతం లేకుండా వచ్చి ఈ బార్‌కోడ్‌లన్నీ అంటించింది. మొదటి వారంలో ఒకరోజు ఏమైందో, చేతిలో పుస్తకం మూసేసి, పని మధ్యలో ఇంటికి వెళ్లిపోయింది. మర్నాడు వచ్చి ఈ చీటీల జిగురు పనికిరాదు, ఇంతకన్నా గట్టివి తెప్పించమంది. ముసలి చాదస్తం అనుకుని తెప్పించాడు ఇప్పటి లైబ్రేరియన్ నెవిల్. ఎవరేమన్నా సరేననడం అతని ఉద్యోగం.

"నిన్నే అడుగుతున్నా" అంది లుసిండా. గొర్రెల రోగాల మీద లావుపాటి పుస్తకమొకటి ఆమె చేతిలో తెరిచి ఉంది. ప్రింగిల్ గారి బొమ్మకి ముక్కు కిందనుంచీ నల్లగీతలే.

"అట్ట లోపల, పైన ఎడమ మూల అంటించమని కంప్యూటర్ పెట్టిన సిడ్నీ వాళ్లు చెప్పారమ్మా" అంది డల్సీ. "ఆ మూలలో మీ నాన్నగారు కూచున్నారు. నేనేం చెయ్యను?"

ఎవరికో టీ పొలమారింది.

"పక్కకి మార్పించేస్తాను మేడమ్" అన్నాడు నెవిల్ కంగారుగా. "డల్సీ, అవన్నీ తీసెయ్."

"నేను తియ్యను నాయనా. ఈ జిగురు మామూలుది కాదు. లాగితే కిందున్నది కూడా ఊడొస్తుంది."

"బద్ధకానికి ఎన్ని వంకలో!" అంది లుసిండా. "అక్కేమో తాళం వెయ్యదు, చెల్లెలేమో చీటీ తియ్యదు. ఏం వంశమే మీది!"

అందరూ నవ్వారు. ప్రింగిల్ వాళ్లు హాస్యమాడితే నవ్వడం మా ఊరికి అలవాటే.

"చూడు నెవిల్" లుసిండా గొంతు పెంచింది. "ఇవి మా ఇంటి పుస్తకాలు. మా నాన్నకి దక్కే మర్యాద ఇదే అయితే, రేపే లారీ పంపించి అన్నీ వెనక్కి తోలించుకుపోతాను. ఖాళీ అలమరాలకి అంటించుకోండి మీ గీతలు."

నెవిల్ ముఖం పాలిపోయింది. పుస్తకాలు పోతే గ్రంథాలయం పోయినట్టే, అతని ఉద్యోగమూ పోయినట్టే. కౌన్సిల్ పెద్దలు ఉన్నట్టుండి తమ కప్పుల్లోకి చూసుకోవడం మొదలుపెట్టారు.

"తీసెయ్ డల్సీ, నీకు దణ్ణం పెడతా" అన్నాడు నెవిల్.

డల్సీ కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది.

"అంత పట్టుదలైతే మీరే తియ్యండమ్మా. మీ నాన్నగారి బొమ్మ కదా, మీ చెయ్యి పడితేనే బాగుంటుంది. ఇలా కిటికీ దగ్గరికి రండి, అందరికీ కనిపిస్తుంది."

"తీస్తాను. నీలాంటివాళ్లకి పని నేర్పాలంటే మేమే దిగాలి."

లుసిండా కిటికీ దగ్గరికి నడిచింది. పుస్తకాన్ని అందరివైపూ తిప్పి పట్టుకుంది. ఫొటోకి బాగుంటుందని, ఈ వేడుక రాసుకోడానికొచ్చిన పత్రిక అతను కెమెరా ఎత్తాడు. ఆమె బార్‌కోడ్ అంచు కిందికి గోరు దూర్చి, ఒక్క ఊపున లాగింది.

బార్‌కోడ్‌తో పాటు ప్రింగిల్ గారి మీసాలూ సమర్పణా మొత్తం ఊడొచ్చి ఆమె వేళ్లకి అంటుకున్నాయి. వాటి కింద, పుస్తకాలన్నీ వరదలో కొట్టుకుపోయాయని ఊరంతా నమ్మిన పాత గ్రంథాలయం ముద్ర, దాని పక్కనే ఆగ్నెస్ సంతకం, ఒక్క నీటి మరకైనా లేకుండా ఉన్నాయి.