రెండో వరుస పొట్టేలు

ఏటి ఒడ్డున ఏటా వేసవిలో పందులకూ గొర్రెలకూ ఒక ఆట జరిగేది. పందులు వెలగకాయను నోట కరచుకుని, గొర్రెల వరుసలు దాటి, అవతలి మద్దిచెట్టును చేరాలి. మొదట్లో గుమ్మడికాయతోనే ఆడేవి గాని, పందులు దాన్ని సగం దారిలోనే తినేసేవి. అది వేరే సంగతి. కాయ పట్టుకున్న పంది నీళ్లలో కాలు పెడితే మాత్రం ఓడినట్టే.

గొర్రెల రెండో వరుసలో జోగన్న అనే పొట్టేలు నిలబడేది. కాయ ఎవరి నోట ఉందో కనిపెట్టి, గాలిలా వచ్చి గుద్దేది. ఏళ్ల తరబడి దాన్ని దాటిన పంది లేదు.

ఈ ఏడు ఆట చివర్లో దాని మోకాలు పట్టేసింది. అడుగు కదలడం లేదు. ఎదురుగా బుర్రయ్య అనే పంది కాయతో దూసుకొస్తోంది. ఇన్నేళ్ల పేరూ ఈ ఒక్క పరుగుతో పోతుందనుకుంది జోగన్న. చేసేదేమీ లేక, ఎప్పటిలాగే తల వంచి నిలబడింది.

ఆ వంచిన తలను చూడగానే బుర్రయ్యకు పాత దెబ్బలన్నీ గుర్తొచ్చాయి. గభాలున పక్కకు తిరిగి, ఆగలేక, బుడుంగుమని ఏట్లో పడింది. గొర్రెలు గంతులేశాయి.

జోగన్న హమ్మయ్య అనుకుని ఉన్నచోటనే కూలబడింది.

"ఇదే నా ఆఖరి ఆటరా బుర్రయ్యా. మోకాలు పట్టేసింది. నువ్వు తిన్నగా వచ్చుంటే ఆపలేకపోయేవాణ్ణి."

"ఆ ముక్క కాస్త ముందు చెప్పొద్దూ మామా!" అంది బుర్రయ్య చెవుల్లో నీళ్లు దులుపుకుంటూ. తర్వాత పక్కనే చతికిలబడి, "అయితే వచ్చే ఏడు నిజంగా రావుగా?" అని అడిగి, పెద్దగా ఊపిరి వదిలింది.