సగం తీసిన కవరు

పని మొదలుపెట్టే ముందు ట్రెవర్ ఈతకొలను గేటును మూడుసార్లు తీసి వదిలి చూశాడు. మూడుసార్లూ గొళ్లెం దానంతటదే పడింది. తర్వాత కొలను కవరును చుట్టే రోలరు ఇరుసుకు నూనె వేశాడు.

"అంత కిర్రుమనట్లేదు నాన్నా," అంది కూతురు బ్రోన్‌విన్.

"పోనీలే, వెయ్యనీ."

ఆస్ట్రేలియాలోని మిల్డూరాలో ఈస్టర్ శనివారం. ఎండలు తగ్గాయి, ఇక వచ్చే వేసవి దాకా కొలనులో ఎవరూ దిగరు. బ్రోన్‌విన్, ఆమె భర్త డీన్ ఈ ఇల్లు కొని ఏడాది కూడా కాలేదు. నీళ్లను వెచ్చగా ఉంచే ఆ నీలం బుడగల కవరును తీసి దాచడం ఇద్దరికీ చేతకాదు. మామగారిని పిలిచింది డీనే. బ్రోన్‌విన్ అయితే చచ్చినా పిలిచేది కాదు.

ఊరికే నిలబడలేక ఆమె రోలరు పిడి మీద చెయ్యి వేసింది. ట్రెవర్ గబుక్కున ఆ చెయ్యి తోసేశాడు.

"నువ్వు ముట్టుకోకు."

"ఓహో, నన్నే నమ్మవన్నమాట. జాగ్రత్త గురించి నీ దగ్గరే నేర్చుకోవాలి మరి."

మాట తగలవలసిన చోటే తగిలింది. ఆయన పిడి తిప్పాడు. కవరు మొత్తం చుట్టుకునేదాకా చెయ్యి ఆపలేదు.

"తీస్తే మొత్తం తియ్యాలి. లేదా అసలు ముట్టుకోకూడదు. సగం తీసి మాత్రం వదలొద్దని డీన్‌కు చెప్పు."

"నువ్వు చెబుతుంటే నేను వినాలి, ఖర్మ," అంది బ్రోన్‌విన్.

ఖర్మే. ఇరవై రెండేళ్ల కిందట పాత ఇంట్లో ఒక ఆదివారం పొద్దున కవరు సగమే తీసి ఉంది. బ్రోన్‌విన్ తమ్ముడు, మూడేళ్ల టోబీ నీళ్లలో పడి ఆ కవరు కిందికి జరిగిపోయాడు. పైనుంచి చూస్తే నీలం తప్ప ఏమీ కనిపించలేదు. తల్లి లినెట్ నర్సు, రాత్రి డ్యూటీ నుంచి అప్పటికింకా ఇల్లు చేరలేదు. "సగం తీసి, కాఫీ పెట్టుకుందామని లోపలికెళ్లి మర్చిపోయాను," అని ట్రెవర్ పోలీసులకు చెప్పాడు. విచారణలోనూ అదే చెప్పాడు, లినెట్‌కూ అదే చెప్పాడు. ఏడాది తిరక్కుండా ఆమె బ్రోన్‌విన్‌ను తీసుకుని వెళ్లిపోయింది. కొడుకును పొట్టన పెట్టుకున్నాడని ఊరంతా అనుకుంది. ఎదురుగా అన్నవాళ్లూ ఉన్నారు. ఆయన ఎవరి మాటనూ కాదనలేదు.

కారు షెడ్డు నీడలో కవరును పరిచి, పైపుతో కడిగాడు. గడ్డి మీద పరిస్తే గడ్డి మాడిపోతుందట. తడి ఆరకుండా చుడితే పాచి పడుతుందట. ఎండలో చుట్టి పెడితే లోపలి పొరలు ఉడికి బుడగలు పగిలిపోతాయట. ఒక్కొక్కటీ చెబుతూ ఉన్నాడు. బ్రోన్‌విన్ విందో లేదో తెలియదు. కవరు ఆరేలోపు టీ, వెన్న రాసిన ఈస్టర్ బన్ను తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఎల్సీ గురించి డీన్ నీతో ఏమన్నా అన్నాడా?"

"నువ్వు మళ్లీ పనిలో చేరుతున్నావట కదా. మంగళవారాలు పాపను నన్ను చూసుకోమన్నాడు."

ఆ మాట అంటున్నప్పుడు ట్రెవర్ మొహం వెలిగిపోయింది. ఎల్సీకి పద్నాలుగు నెలలు. ఇంతవరకు పక్కన ఇంకొకరు లేకుండా మనవరాలిని ఎత్తుకునే అవకాశం ఆయనకు రాలేదు. తెల్లారగానే పరుగెత్తుకు వచ్చింది ఈ కవరు కోసం కాదు.

"నా వల్ల కాదు నాన్నా. డీన్‌కేం, అతను ఆ రోజులు చూడలేదు."

"సరేలే."

"సరేలే అనకు. నాకు ఒళ్లు మండుతుంది." ఆమె ఆయనకు ఎదురుగా కూర్చుంది. "ఒక్కటి చెప్పు. గేటు గొళ్లెం మూడుసార్లు చూసుకునే మనిషివి, ఆ రోజు ఎలా మర్చిపోయావు? ఒంట్లో బాగాలేదా? ముందురోజు తాగావా? ఏదో ఒకటి చెప్పు, నమ్ముతాను. ఎల్సీని ఇప్పుడే తెచ్చి నీ ఒళ్లో పెడతాను."

లోపల పాప నిద్ర లేచినట్టుంది, ఏదో ఊసులాడుతోంది. ట్రెవర్ ఆ కిటికీ వైపు చాలాసేపు చూశాడు. టీ చల్లారిపోయింది.

"కారణమేం లేదమ్మా. మర్చిపోయాను, అంతే."

బ్రోన్‌విన్ కళ్లు తుడుచుకుంది. "నేను ఆ పొద్దున నిద్రపోకుండా ఉంటే టోబీని పట్టుకునేదాన్ని. ఇప్పటికీ అదే అనుకుంటుంటాను."

"నువ్వు నిద్రలోనే ఉన్నావు." ఈసారి జవాబుకు ఆయన క్షణం కూడా తీసుకోలేదు. "నీకేం తెలీదు."

కవరు ఆరింది. ట్రెవర్ ఒక్కడే దాన్ని చుట్టి, తెల్ల గుడ్డ కప్పి, షెడ్డులో ఎలుకలకు అందకుండా అటక మీదికి ఎక్కించాడు. నడుము పట్టేసినా సాయం అడగలేదు. బ్రోన్‌విన్ వీధి గేటు దాకా వచ్చింది.

"వచ్చే ఏడు డీనే చేసుకుంటాడు. నువ్వు శ్రమపడి రానక్కర్లేదు."

తల ఊపి, ట్రెవర్ కారెక్కి వెళ్లిపోయాడు.

ఆ ఆదివారం టోబీని నీళ్లలోంచి తీసి, ఊపిరి ఊది ఊది, ఇక లాభం లేదని తెలిశాక, అంబులెన్సు వచ్చేలోపు ట్రెవర్ చేసిన పని ఒక్కటే, చిన్ని చేతులతో కవరును సగం దాకా చుట్టేసి రోలరు పిడిని ఇంకా వదలకుండా వణుకుతున్న ఆరేళ్ల బ్రోన్‌విన్‌ను ఎత్తుకెళ్లి మంచం మీద పడుకోబెట్టి, "నువ్వు నిద్రలో ఉన్నావు తల్లీ, అసలు లేవనే లేదు," అని దుప్పటి కప్పడం.